బట్టమేక పిట్టకు కట్టిన కంచె

జూన్ 24, 1967. పటాన్‌చెరు

వానలు మొదలయ్యాయి. దుకాణం పెందలాడే కట్టేసి ఇంటికి వచ్చాను.

ఈ డైరీ సిమెంటు ఏజెంటు జనవరిలో ఇచ్చాడు. ఇన్నాళ్ళూ గల్లా కింద దుమ్ము తింటూ పడి ఉంది. ఇంట్లో మాట్లాడటానికి మనిషి ఉండగా కాగితంతో మాట్లాడటమేమిటని నాకే నవ్వొస్తోంది. కానీ చంద్రకళతో మాట మొదలుపెడితే రెండో మాటకే నాగేశ్వరి వచ్చి మధ్యలో కూర్చుంటుంది. ఇవాళ తడిసి వచ్చి, “నాగూ, తువ్వాల ఇయ్యి” అన్నాను. చంద్రకళ తువ్వాల తెచ్చి ఇచ్చింది. తప్పేముంది, సొంత అక్క పేరే కదా.

నాగేశ్వరి కామెర్లతో పోయి రెండేళ్ళు దాటింది. ఆమె చెల్లెలిని నాకిచ్చి పెళ్ళి చేసి ఏడాది దాటింది. తెలిసిన ఇల్లు, తెలిసిన మనిషి అని సంగారెడ్డిలో పెద్దలంతా కూర్చుని తేల్చారు. అప్పగింతలప్పుడు మామగారు వెంకటనారాయణ గారు నా చేతులు పట్టుకుని, “ఒక బిడ్డను మంచిగ సూసుకున్నవు. గీ బిడ్డను గూడ గట్లనే సూసుకో అల్లుడా” అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు, నా కళ్ళల్లోనూ నీళ్ళు.

అట్లాగే చూసుకుంటున్నాను.

జూన్ 30

బస్టాండు దగ్గర మిఠాయి దుకాణంలో కలాకంద్ తెచ్చాను. చంద్రకళ డబ్బా వంటింట్లో గూట్లో పెట్టింది.

జులై 2

కలాకంద్ అట్లాగే ఉంది. చీమలు పట్టాయి. “తినలేదేం” అంటే, “నాకు తీపి పడదు బావా” అంది. ఇంకా బావా అనే పిలుస్తుంది. నాగేశ్వరి అయితే దారం విప్పేదాకా ఆగేది కాదు. ఒకే తల్లి చేతి వంట తిని పెరిగిన పిల్లలు, ఇంత తేడా ఉంటుందా? అలవాటు అవుతుందిలే. మళ్ళీ తెస్తాను.

జులై 16

బీడుకు వెళ్ళి వచ్చాను. పటేల్‌గూడ దాటాక ఉన్న ఆ గడ్డి బీడు నాన్న కాలం నుంచీ మా కౌలులో ఉంది. అక్కడి గడ్డి పట్నంలో టాంగా వాళ్ళకూ, పాల డెయిరీలకూ పోతుంది. ఇటు కంపెనీ గోడలు లేస్తున్నాయి, అటు క్వార్టర్లు లేస్తున్నాయి. మధ్యలో మా బీడు మటుకు ఇంకా పచ్చగా ఉంది.

నేల నెమలి వచ్చింది! వానతో వచ్చి వానతో పోయే పిట్ట. కోడిపెట్టంత ఉంటుంది, గడ్డిలో నక్కితే కాలికి తగిలేదాకా తెలియదు. ఈ రోజుల్లో మాత్రం మగదానికి పిచ్చి పడుతుంది. గడ్డి మీదికి నిలువునా ఎగురుతుంది, రెక్కలు టపటప కొట్టుకుని మళ్ళీ గడ్డిలో పడుతుంది. మళ్ళీ ఎగురుతుంది. ఎక్కడో గడ్డిలో దాక్కున్న ఆడదానికి కనబడాలని ఇంత తంటా.

నాగేశ్వరి ఒక్కసారే బీడుకు వచ్చింది. జనం చూస్తే ఆమెకు చెమటలు పట్టేవి. అందుకని కచ్చడం బండికి పరదా కట్టించి తీసుకొచ్చాను. పరదా సందులోంచి ఇదే పిట్టను చూసి, “గా పిట్టకేమైంది, నిప్పు తొక్కిందా?” అని కొంగు నోటికడ్డం పెట్టుకుని ఎంత నవ్విందో! దిగి చూడమంటే దిగలేదు. “ఈడికెల్లే మంచిగ కనవడ్తుంది” అంది. ఆమెకు పరదా లోపల ఉంటేనే నవ్వు వచ్చేది. నేను అది తెలుసుకుని మసలుకున్నాను. అందుకే మా సంసారం అంత బాగా సాగింది.

ఆమె నవ్వు నాకు ఇప్పుడు సరిగ్గా గుర్తు రావడం లేదు. పిట్ట ఎగిరితే గుర్తొస్తుందని అక్కడే కూర్చున్నాను.

జులై 23

పట్నం నుంచి షికారు సాబు జీపులో వచ్చాడు. మా దగ్గర ఏటా గడ్డి కొనే మనిషి. “ఎగిరినప్పుడే కొట్టాలె సేట్, గడ్డిల ఉంటే దొరకది” అని నాకు పాఠం చెప్పి మరీ కొట్టాడు. పిట్ట ఎగిరింది, దిగలేదు. నేను వద్దనలేకపోయాను.

దాన్ని కాళ్ళు పట్టుకుని వేలాడేసుకుని కబుర్లు చెప్పాడు. “మీ బీడుల బట్టమేక గూడ ఉంటదంట గదా? గది పెద్దది, గిది చిన్నది. రెండూ ఒకటే ఖాందాన్. అక్కచెల్లెండ్లనుకో.”

అన్నం సహించలేదు. ఎందుకని చంద్రకళ అడిగింది. తలనొప్పి అన్నాను.

జులై 30

మేస్త్రీ వచ్చి మిద్దె పిట్టగోడ లేపాడు. మనిషి తల దాటేంత.

చంద్రకళ సాయంత్రాలు మిద్దెక్కి బొంబాయి రోడ్డు వైపు చూస్తూ నిలబడుతుంది. లారీలు, కంపెనీ బస్సులు, ఎక్కడెక్కడి వాళ్ళో పోతుంటారు. ఎవడి చూపు ఎట్లాంటిదో ఎవరికి తెలుసు? ఆమె మంచికే లేపించాను. నాగేశ్వరి ఎన్నిసార్లు అడిగిందో ఈ గోడ గురించి, అప్పుడు కుదరలేదు.

గోడ పని అవుతుంటే చంద్రకళ కింద నిలబడి, “ఇగ ఏం కనవడ్తది బావా?” అంది.

“ఆకాశం కనవడ్తది గదా” అన్నాను తమాషాగా. ఆమె నవ్వలేదు. తమాషాలు నాకు చేతకావు.

ఆగస్టు 13

నర్సన్న దుకాణానికి వచ్చాడు. ఆయనా, ఆయన భార్య మొగులమ్మా ఏళ్ళ తరబడి మా బీడు గడ్డి కోస్తున్నారు. “సేటూ, నేల నెమలి గుడ్లు వెట్టింది. గా జాగ ఇడిసివెట్టి కోసినం” అన్నాడు. బీడంతా కోసినా గూడు చుట్టూ ఇంత గడ్డి వదలడం మా దగ్గర మొదటినుంచీ ఉన్న ఆనవాయితీ. మంచి పని చేశావన్నాను. దాని మగడు పోయాడు. గుడ్లయినా మిగలాలి.

సెప్టెంబర్ 1

పిల్లలు లేచాయి! గడ్డి గుబురులోంచి తల్లి, వెనకాల పిల్లలు, ఉరికి ఉరికి కోయని గడ్డిలోకి దూరాయి. వదిలిన గడ్డే కాపాడింది. దాయాలి, చుట్టూ ఏదో ఒకటి అడ్డం ఉంచాలి, అప్పుడే ఏదైనా బతుకుతుంది.

ఇంటికి వచ్చి భోజనం దగ్గర చెప్పాను. చంద్రకళ మొదటిసారి తినడం ఆపి విన్నది. “మరి బట్టమేక ఉంటదా బావా మన బీడుల? చిన్నప్పుడు బాపుతోని కంది ఊరికి పోయినప్పుడు సూసిన. అబ్బ, ఎంత దర్జగ నడుస్తదో! నాకు సూపిస్తరా?” అని అడిగింది. కళ్ళు ఎంత మెరిశాయో.

ఎండ, పాములు, కంపెనీ కూలీలు. ఆమె ఎందుకు కష్టపడాలి? “నేను జూసొచ్చి అంత చెప్త గదా” అన్నాను.

మళ్ళీ తినడం మొదలుపెట్టింది.

సెప్టెంబర్ 5

ఏం చెప్పను, నిజంగానే బట్టమేక గుడ్డు దొరికింది! బీడు పడమటి కొసన, చెట్టూ చేమా లేని బట్టబయలున, నేల మీద ఒకే ఒక్క గుడ్డు. గూడు లేదు, పుల్ల లేదు. ఇంత పెద్ద పిట్టకు ఇంత బుద్ధి లేకపోతే ఎట్లా? నడుమెత్తు ఉంటుంది. తెల్లటి మెడ, నెత్తి మీద నల్ల టోపీ. నన్ను ఎంతో దూరం నుంచే చూసింది. దాక్కోలేదు, ఎగరలేదు, తల ఎత్తి నెమ్మదిగా అవతలికి నడిచిపోయింది.

ఇంటికి వచ్చేదాకా రెంటినీ పోల్చుకుంటూనే ఉన్నాను. నేల నెమలి నాలుగు గుడ్లు పెడుతుంది, ఇది ఒకటే. అది వానతో వచ్చి పోతుంది, ఇది ఇక్కడే ఉంటుంది. దానికి దాక్కోవడం వచ్చు, దీనికి రాదు పాపం. రాని దానికి మనమే నేర్పాలి. ఖాందాన్ ఒకటే కదా, దానికి పనికొచ్చింది దీనికి పనికిరాదా?

సర్వేవాళ్ళు బీడు పొడవునా సున్నం పూసిన రాళ్ళు పాతారు. వచ్చే ఏడుకు సర్కారు భూమి తీసుకుంటుందట. వాళ్ళ కాళ్ళు, పశువుల కాళ్ళు, వీటి మధ్య ఆ ఒక్క గుడ్డు. గుబురుగా వదలడానికి అక్కడ గడ్డి కూడా లేదు. నేనూ నర్సన్నా తుమ్మకంప కొట్టి తెచ్చి గుడ్డు చుట్టూ నడుమెత్తు కంచె కట్టాం. పిట్ట దూరడానికి ఒక పక్క సందు వదిలాం. నా చేతులు గీసుకుపోయాయి.

“ఇగ పసులు తొక్కయి సేటూ. ఇల్లు లెక్క ఉంది” అన్నాడు నర్సన్న. నాకు తృప్తిగా ఉంది. చాలా రోజుల తర్వాత ఒక మంచి పని చేశాను.

సెప్టెంబర్ 7

వినాయక చవితి. పూజ కాగానే బీడుకు వెళ్ళాను. బట్టమేక కంచె చుట్టూ తిరుగుతోంది. సందు దగ్గర ఆగి మెడ చాచి లోపలికి చూస్తుంది, మళ్ళీ చుట్టూ తిరుగుతుంది. ఎంత బాగా కాపలా కాస్తోంది!

చంద్రకళకు చెప్పాను. “లోపలికి పోతదా?” అంది.

“పోతది. కొత్త గదా.”

సెప్టెంబర్ 9

ఇంకా తిరుగుతోంది. జాగ్రత్త గల పిట్ట.

సెప్టెంబర్ 10

ఇవాళ కొంచెం దూరంగా నిలబడి ఉంది.

సెప్టెంబర్ 12

మధ్యాహ్నం భోజనానికి వస్తే ఇంటికి తాళం. నా ప్రాణం పోయినంత పనైంది. పక్కింటామె చెప్పింది, చంద్రకళ మొగులమ్మ వెంట బీడుకు పోయిందట. నడిచి! పరదా లేదు, బండి లేదు, నాతో మాట లేదు. సైకిలు మీద ఎట్లా వెళ్ళానో నాకే తెలియదు.

దూరం నుంచే కనబడింది. ఆ బట్టబయలులో ఒక్కతే, కొంగు నడుముకు దోపుకుని, తుమ్మకంప చేతులతో పీకి అవతల పారేస్తోంది. మొగులమ్మ కొడవలి పట్టుకుని దిక్కు తోచనట్టు నిలబడి ఉంది. చంద్రకళ చేతుల నిండా రక్తం.

“ఏం జేస్తున్నవు? పసులు తొక్కుతయి!” అని అరిచాను.

“తొక్కనీ! దాని గుడ్డు కాడికి దాన్ని పోనీయకుంట జేసిండ్రు గదా.” ఆమె గొంతు అంత పైకి లేవడం నేను ఎప్పుడూ వినలేదు. “సందు వదిలినమంటరు. గండ్లకెల్లి దూరే పిట్టనా అది? కూసున్న కాడికెల్లి నాలుగు దిక్కుల దూరం కనవడాలె దానికి. గప్పుడే నిమ్మలంగ కూసుంటది. ఏం కనవడకపోతే ఎట్ల కూసుంటది?”

“నేల నెమలి కూసుంది గదా...”

“అక్క జూసిన పిట్ట వేరే! గిది వేరే!”

వంగి గుడ్డు చేతిలోకి తీసుకుంది. చెంపకు ఆనించుకుంది. తర్వాత నా చేతిలో పెట్టింది. కంప నీడన పడి ఉండి చల్లగా ఉంది. ఎండలో ఉన్న రాయి కూడా అంతకంటే వెచ్చగా ఉంటుంది.

పిట్ట ఎక్కడా లేదు. మొగులమ్మ ఏడ్చింది. చంద్రకళ ఏడవలేదు.

వచ్చేటప్పుడు సైకిలు నడిపించుకుంటూ ఆమె పక్కన నడిచాను. చేతులకు పసుపు పెట్టనా అన్నాను. “నేను వెట్టుకుంట” అంది.

సెప్టెంబర్ 13

నాకేం కోపం లేదు.

సెప్టెంబర్ 15

ఆమె అన్నది పిట్ట గురించే.

సెప్టెంబర్ 16

పిట్ట గురించే అన్నది. కలాకంద్ తెచ్చాను. ఎందుకు తెచ్చానో తెలియదు. దారిలో ఆవుకు పెట్టేశాను.

అక్టోబర్ 2

రేపటి నుంచి బతుకమ్మ. చంద్రకళ పొద్దున్నే వచ్చి, “బీడుకు పోయి గునుగు పువ్వు తెంపుకొస్త బావా. ఆడోళ్ళందరు పోతున్నరు” అంది. ఇది అడగడానికి ఎన్ని రోజులు ఆలోచించిందో, ఒక్క గుక్కలో అనేసింది.

నేను వద్దనలేదు. ఆ మాట ఒట్టు పెట్టి రాస్తున్నాను. “నీకెందుకు తక్లీఫ్” అని మటుకు అన్నాను. నర్సన్నకు చెప్పి మధ్యాహ్నానికల్లా గంపల నిండా గునుగు, తంగేడు ఇంట్లో దింపించాను. నాగేశ్వరికి ఏటా అట్లాగే తెప్పించేవాడిని. పూలు చూసి ఆమె ముఖం ఎట్లా విచ్చుకునేదో!

చంద్రకళ గంపల ముందు కూర్చుంది. ఒక గునుగు కాడ తీసి చాలాసేపు వేళ్ళ మధ్య తిప్పింది. పేర్చలేదు.

సాయంత్రం మామగారు వచ్చారు. పోయినేడు పండక్కి చంద్రకళకు జ్వరమని పంపలేదు. ఈ ఏడు పంపక తప్పదు. ఆమె సంచి అప్పటికే సర్ది ఉంది. కట్టుకోమని నేనిచ్చిన నాగేశ్వరి చీరలన్నీ మడతపెట్టి మంచం మీద వదిలింది. మరిచిపోయిందేమో.

“దసరా కాంగనే పంపుత అల్లుడా” అన్నారు మామగారు. బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. దుమ్ము పడుతుందని కిటికీ మూయబోయాను. ఆమె నా వైపు చూసింది. మూయలేదు. ఆ ఒక్కటీ చేశాను.

అక్టోబర్ 15

దసరా అయిపోయింది. రాలేదు. బస్సులు నిండుగా వస్తున్నాయి, జాగా దొరికి ఉండదు.

అక్టోబర్ 19

రాలేదు. జ్వరమేమో.

అక్టోబర్ 22

సంగారెడ్డి వెళ్ళాను. జ్వరం లేదు.

మామగారు నా ముఖం చూడలేక లోపలికి వెళ్ళిపోయారు. చంద్రకళ అరుగు మీద కూర్చుని వాడకట్టు పిల్లలకు పలక మీద అక్షరాలు దిద్దిస్తోంది. నన్ను చూసి పిల్లల్ని పంపించేసింది. మనిషి మారిపోయింది. లేదు, నేను ఇంతకు ముందు చూడలేదేమో. ముఖం నిండుగా ఉంది.

“పోదామా?” అన్నాను.

“నేను రాను బావా.”

వీధిలో ఎవరో బండి తోలుకుపోతున్నారు. అది పోయేదాకా ఇద్దరం ఆగాం.

“ఏం తక్కువ జేసిన?” అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

“ఏం తక్కువ జెయ్యలే. నువ్వు చెడ్డోనివైతే నాకు అల్కగ ఉండు. కొట్టిండని చెప్పుకుందును, తాగిండని చెప్పుకుందును.” పెళ్ళయ్యాక మొదటిసారి నువ్వు అంది. చిన్నప్పుడు అక్క అత్తవారింటికి వచ్చి నా సైకిలు బెల్లు కొడుతూ అన్నట్టే అంది. “అక్కను ఎంత ప్రేమగ సూసినవో నేను కండ్లార సూసిన. అందుకే నీతోని పెండ్లికి ఒప్పుకున్న. కాని గా ప్రేమ అంత అక్కకే సరిపోయే కొలతల ఉన్నది. నేను అండ్ల పట్టలే. వచ్చేడు టీచర్ ట్రైనింగుల చేరుత. బాపు ఒప్పుకుండు.”

“గోడ తీపిస్త.”

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు ఏడ్చింది. గుడ్డు చేతిలో పట్టుకున్నప్పుడు ఏడవని మనిషి ఇప్పుడు ఏడ్చింది.

“గుడ్డు చల్లవడ్డంక తీసినం గదా బావా కంచె” అంది.

మంచినీళ్ళు ఇచ్చింది. తాగాను. బస్సెక్కాను.

అక్టోబర్ 23

ఆమె అన్నది పిట్ట గురించి కాదు. ఆ రోజు కూడా కాదు.

అక్టోబర్ 29

బీడుకు వెళ్ళాను. సర్వే రాళ్ళ అవతల ట్రాక్టర్లు వచ్చి నిలబడ్డాయి. నేల నెమళ్ళు వానతో పాటే వెళ్ళిపోయాయి. వచ్చే ఏడు వస్తే దిగడానికి గడ్డి ఉండదు. పారేసిన తుమ్మకంప ఎండిపోయి ఇంకా అక్కడే ఉంది. కుప్ప చేసి కాల్చేశాను.

మంట ఆరాక తలెత్తితే బట్టమేక కనబడింది. అదేనో, వేరేదో! పాత జాగాకు కొంచెం అవతల నిలబడి నన్నే చూస్తోంది. కదలకుండా కూర్చుండిపోయాను. నిన్ను ఏమీ చేయను, ఈసారి ఏమీ కట్టను, అని మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో. పైకి కూడా అన్నానేమో. అది చాలాసేపు నిలబడి తల తిప్పి నడవడం మొదలుపెట్టింది. బెదరలేదు, పరుగెత్తలేదు. పోవాలనుకుని పోయింది. కనుచూపు మేర అంతా బయలే కాబట్టి అది పోతున్నంతసేపూ కనబడుతూనే ఉంది.

అక్కడే కూర్చుని ఏడ్చాను. నాగేశ్వరి పోయినప్పుడు కూడా ఇట్లా ఏడవలేదు. అప్పుడు చుట్టూ జనం ఉన్నారు.

నవంబర్ 1

దీపావళి. దుకాణంలో పూజ చేశాను. ఇంట్లో దీపం పెట్టలేదు.

నవంబర్ 5

మేస్త్రీ వచ్చాడు. లేపిన గోడ మొత్తం తీసేయమంటే, “మొన్ననే గదా కట్టించిండ్రు సేటూ, మంచి గోడ” అని బాధపడ్డాడు. మంచి గోడే. తీసెయ్ అన్నాను.

సాయంత్రం మిద్దెక్కాను. ఇల్లు కట్టినప్పటి నుంచీ ఈ వేళప్పుడు నేనెప్పుడూ ఇక్కడ నిలబడలేదు. బొంబాయి రోడ్డు మొత్తం కనబడుతోంది. లారీలు, కంపెనీ బస్సులు, సైకిళ్ళ మీద ఇళ్ళకు పోయే కూలీలు. ముత్తంగి వైపు ఎర్రగా పొద్దు గుంకుతోంది. ఎంత బాగుంది! ఆమె రోజూ చూసింది ఇదే. ఎవరినీ చూడటానికి కాదు, దూరం చూడటానికి నిలబడేది. ఏం చూస్తున్నావని ఒక్కనాడూ అడగలేదు నేను.

సంగారెడ్డి బస్సు వచ్చింది. ఆగింది. ఎవరెవరో దిగారు. అది వెళ్ళిపోయాక కిందికి వంగి, వంటింట్లో ఉంటే వినబడేంత గట్టిగా, “చంద్రకళా, పైకి రా. జెర సూడు” అని పిలిచాను.

ఈసారి పేరు తప్పలేదు. ఇంట్లో ఎవరూ లేరు.